మైకాయన దీపాల భాష

బస్‌స్టాండులో తాను కూర్చున్నచోటు నుంచి కదలకుండా వేలమందిని లేపగలిగిన మనిషి ఆయన. అధికారం వల్ల కాదు, గొంతు వల్ల. "ప్రయాణికులకు మనవి" అని ఆ గొంతు మొదలుపెట్టగానే కునుకుతీస్తున్నవాడు కళ్లు తెరిచేవాడు. తగువాడుకుంటున్నవాళ్లు తగువుని చంకలో పెట్టుకుని సంచులు వెతుక్కునేవాళ్లు. ఏడుస్తున్న పిల్లలు కూడా ఈయనది అయ్యాక మన వంతు అన్నట్టు కాసేపు ఆగేవాళ్లు. అనౌన్సరు అనే హోదా జీతం కాగితం మీదే ఉండేది. జనం నోట్లో ఆయన మైకాయన.

ఆయన ఆఫీసంటే అద్దాల కిటికీ ఉన్న ఓ ఇరుకు గది. అందులో ఓ బల్ల, మైకు, మైకు మీద తుంపర పడకుండా కప్పిన చేతిరుమాలు, చప్పుడు చేస్తుందన్న నేరానికి శాశ్వతంగా ఆపేసిన ఫ్యాను. దగ్గు వస్తే మైకు కట్టేసి, కుర్చీ తిప్పి, గోడకేసి దగ్గేవాడు. తన దగ్గు ఆ గోడకు తప్ప మరొకరికి తెలియదని ఆయనకు గర్వం. బస్సు రద్దయిందని చెప్పాల్సి వస్తే ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆగేవాడు. చెడ్డ కబురు గబగబా చెప్పడం సంస్కారం కాదని ఆయన సిద్ధాంతం.

ఇంతటి గొంతుకు వినపడని భార్య దొరకడాన్ని కొందరు విధి అన్నారు. ఆయన్ని బాగా ఎరిగినవాళ్లు న్యాయం అన్నారు.

నిజానికి పెళ్లినాటికి ఆవిడవి పాము చెవులు. తర్వాత ఎప్పుడో ఒక పాడు జ్వరం వచ్చిపోయాక, ఆ చెవులు ఒక్కొక్క శబ్దాన్నే వదిలేసుకుంటూ వచ్చాయి. ముందు కుక్కరు కూత పోయింది. తర్వాత తలుపు గంట పోయింది. పక్కింటివాళ్ల పోట్లాటలు పోయినప్పుడు మాత్రం ఆవిడ నిజంగా బాధపడింది. అన్నిటికన్నా ఆఖరున మొగుడి గొంతు పోయింది. ఆస్పత్రివాళ్లు చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చారు గానీ, దాంతో వింటే కుట్టుమిషనూ మొగుడూ ఒకేలా ఉన్నారని చెప్పి ఆవిడ దాన్ని సూదుల డబ్బాలో పడేసింది.

ఆవిడ పని కుట్టుపని. వెనకగదిలో కిటికీ వెలుతురు కోసం మిషను అటు తిప్పి పెట్టుకోవడంతో వీపు ఎప్పుడూ తలుపు వైపే. స్కూలు చొక్కాలు, కర్టెన్ల అంచులు, పొట్టలు పెరిగినవాళ్ల ప్యాంట్లు వదులు చేయడం, అవే పొట్టలు తగ్గుతాయన్న ఆశతో మళ్లీ బిగించడం. పనికి లోటు లేదు. తలుపు కొట్టి కొట్టి విసుగొచ్చి వెళ్లిపోయే మనుషులతోనే చిక్కు. ఎదురుగా నిలబడితే పెదవులు చూసి ఎవరి మాటైనా పట్టేసేది. నోరు విప్పి జవాబు చెప్పడానికి ఆవిడకు ఏనాడూ ఏ అడ్డూ లేదు. ఎటొచ్చీ ఆవిడ ఇటు తిరిగితేనే కథ.

దీనికి ఉపాయం చెప్పినవాడు ఆవిడ తమ్ముడు, అంటే మైకాయన బావమరిది. కరెంటు సామాన్ల కొట్లో పనిచేసేవాడు. వైఫైతో నడిచే దీపాలు కొత్తగా వచ్చిన రోజుల్లో అతను బొత్తాం నొక్కుల్ని బల్బులకు అందించే ఒక గంట పెట్టె, కొన్ని బల్బులు, రెండు బొత్తాలు పట్టుకొచ్చి ఇల్లంతా బిగించాడు. ఒక బొత్తాం వీధి తలుపుకి, ఒకటి బావ జేబులోకి. ఏది నొక్కినా ఇంట్లో బల్బులన్నీ ఒక్కసారి మెరుస్తాయి. ఇంతే దాని విద్య.

భాష దానంతటదే పుట్టింది. వీధి తలుపు దగ్గర ఎవరో నొక్కితే ఒక్క మెరుపు. జేబులో బొత్తాం రెండుసార్లు నొక్కితే మైకాయన పిలుస్తున్నాడని అర్థం, మూడైతే టీ. నాలుగు మెరుపులు తిట్టూ కాదు, పొగడ్తా కాదు. "సరేలే, నీకన్నీ తెలుసు" అనే వెటకారం. ఆవిడ వెనకగదిలోంచి గట్టిగా జవాబిచ్చేది, ఈయన హాల్లోంచి మళ్లీ నాలుగు నొక్కేవాడు. అలా మాటకు మాట, మెరుపుకు మెరుపు, దాంపత్యం గోడలకు అటూ ఇటూ నిక్షేపంగా సాగిపోయేది.

అయిదు మెరుపులంటే "తప్పు నాదే." ఈ మాట ఎదురుగా నిలబడి చెప్పిన పాపాన మైకాయన ఏనాడూ పోలేదు. బొత్తాం మీద నొక్కడం తేలిక. పుచ్చుకునేవాళ్లు వీపు తిప్పి ఉంటారు, ఇచ్చేవాడి మొహం ఎవరూ చూడరు, ఇద్దరి పరువూ దక్కుతుంది.

ఇలా ఉండగా ఇంటర్నెట్ కంపెనీ నుంచి కబురొచ్చింది. పాత రూటరు కాలం చెల్లింది, కొత్తది ఉచితంగా ఇస్తాం, అది ఎన్నో రెట్లు వేగం అని. నడుస్తున్న మిషనుకి నూనె చాలు కదా, కొత్త మిషనెందుకండీ అంది ఆవిడ. మైకాయన హాల్లోకి వెళ్లి నాలుగుసార్లు నొక్కాడు.

బిగించడానికి వచ్చినతను పాత పెట్టె ఊడదీసి తన సంచిలో వేసుకున్నాడు. కొత్తది నాలుగు కొమ్ములతో, తిరగేసిన బల్లలా ఉంది. నెట్‌వర్కుకి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు పెట్టి, దీపాల సంగతి అడిగితే అన్నీ వాటంతటవే కలుస్తాయి సర్ అని, చెప్పులేసుకుని, దిగి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం మైకాయన డ్యూటీలో ఉండగా ఒక స్కూలావిడ చొక్కాల మూటకోసం వచ్చింది. బొత్తాం నొక్కింది, తలుపు కొట్టింది, కిటికీ దగ్గర నిలబడి పిలిచింది. లోపలి మిషను చప్పుడు బయటికి వినిపిస్తూనే ఉందట. బల్బులు వెలుగుతున్నాయి తప్ప మెరవలేదు. స్కూలావిడ వెళ్తూ వెళ్తూ కింద దుకాణంలో ఓ మాట వేసి పోయింది, కుట్టేవాళ్లకి పొగరెక్కితే కుట్టించుకునేవాళ్లకి వేరే దారి లేకపోలేదని. సాయంత్రం ఇంటికొస్తూ మైకాయన ఆ మాట మోసుకొచ్చాడు. ఎదురుగా నిలబడి, పెదవులు కదిపి, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. రద్దు అనే మాటకు ముందు ఆగినట్టే మధ్యలో ఆగాడు కూడా.

 ఆవిడ వెనకగదిలోకి వెళ్లి, మిషను ముందు కూర్చుని, మొగుడికి వీపు చూపించింది.

ఆ వీపు ఆయన ఎరుగున్నదే. హాల్లోకి వెళ్లి జేబులో బొత్తాం అయిదుసార్లు నొక్కాడు. దీపాలు రాయిలా వెలుగుతూనే ఉన్నాయి. వెళ్లి ముందు నిలబడి చెప్పొచ్చు, ఎవరూ వద్దనలేదు. కానీ ఇన్నేళ్లుగా దీపంతో చెప్పించిన మాట నోటికి రావడం లేదు. అప్పుడు ఆయనకు ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వెనకగది గుమ్మం పక్కన గోడ మీద స్విచ్చి ఉంది కదా.

టకటకా అయిదుసార్లు ఆర్పి వెలిగించాడు.

మిషను మీద ఆవిడ పాదం ఆగింది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది. దీపం కూడా దానంతటది ఒకసారి మెల్లగా మసకబారి, మళ్లీ నిండుగా వెలిగింది. అది కూడా క్షమించేసింది కాబోలనుకున్నాడు మైకాయన.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ ఆవిడ వంటగదిలోకి వెళ్లింది. ఆయన వెనకాలే వెళ్లి, అక్కడి స్విచ్చితోనూ అదే మాట చెప్పాడు. పడకగదిలోకి వెళ్తే పడకగదిలో చెప్పాడు. హాల్లో ఆవిడ అడక్కుండానే చెప్పాడు. పెళ్లయినప్పటి నుంచి బాకీ పడ్డ క్షమాపణలన్నీ ఆ సాయంత్రం చెల్లిపోయాయి. దీపాలన్నీ వరసగా ఒకసారి మసకబారి, వరసగా మన్నించాయి.

మర్నాడు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు. ముందు రికార్డు గొంతు పలికింది. ఆయన సమస్య పక్కన పెట్టి ఆ గొంతును శ్రద్ధగా విన్నాడు. ఎవరో చదువుకున్న పిల్లే కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పలేదని, "దయచేసి" అన్న మాటలో దయ లేదని భార్యకు పెదవులతో నివేదించాడు. ఆ తర్వాత అసలు మనిషి పలికింది. ఓపిక గల పిల్ల. కొత్త పెట్టెలోంచి రెండు దారులు వస్తాయి సర్ అని చెప్పింది. ఒకటి వేగమైనది, కానీ గోడలు దాటి దూరం పోలేదు. ఇంకోటి నిదానమైనది, ఇల్లంతా పోతుంది. మీ దీపాలు పాతవి, వాటికి నిదానమైన దారొక్కటే తెలుసు. కానీ పెట్టె రెండు దారులకీ ఒకటే పేరు పెట్టింది. మీ ఫోను వేగమైన దారెక్కి కూర్చుంది, దీపాలకేమో ఆ దారి కనపడదు.

మైకాయనకు ఇది తక్షణం అర్థమైంది. ఒకే నంబరు బోర్డు పెట్టుకుని ఎక్స్‌ప్రెస్సు ఒక ప్లాట్‌ఫాం మీద, పల్లె బస్సు ఇంకో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాయన్నమాట. పల్లెకు పోవాల్సినవాళ్లు ఏమైపోవాలి? తన బస్‌స్టాండులో అలాంటి పని చేసినవాణ్ణి సస్పెండు చేసేవాళ్లమ్మా అన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకుంది. సెట్టింగుల్లోకి తీసుకెళ్లి రెండు దారులకీ వేరువేరు పేర్లు పెట్టించింది. ఇప్పుడు దీపాల యాప్ తెరిచి వాటిని నిదానమైన దారిలో చేర్చండి సర్ అంది.

యాప్ తెరిచాడు. గుండ్రటి గుర్తొకటి గిరగిరా తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆ దీపాలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందని, యాప్ ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తోందో ఆ ఆఫీసులో ఇప్పుడు ఫోనెత్తేవాడే లేడని ఆ అమ్మాయే కనుక్కుని చెప్పింది. చెప్పేముందు ఒక్క క్షణం ఆగింది. మైకాయనకు ఆమె మీద గౌరవం కలిగింది.

ఆఖరి ఉపాయం ఒకటుంది సర్ అంది. పాత రూటరుకు ఏ పేరు, ఏ పాస్‌వర్డు ఉండేవో, అచ్చం అవే నిదానమైన దారికి పెట్టండి. దానికి వేసే తాళం, అంటే సెక్యూరిటీ పద్ధతి కూడా పాతదే ఉంచుదాం. మీ దీపాలకు పాత ఇల్లు గుర్తుంటే, ఎవరూ పిలవకుండానే అవే వచ్చి చేరతాయి.

పాత పాస్‌వర్డు ఆయన ఫోనులో ఇంకా భద్రంగానే ఉంది. పెట్టారు. కాసేపట్లో హాల్లో గంట పెట్టె మీద చుక్క పచ్చగా నిలబడింది. పెట్టె ఇల్లు చేరింది. మైకాయన భార్యను మిషను ముందు కూర్చోబెట్టి, హాల్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, బొత్తాం నొక్కాడు. నొక్కడానికి గొంతెందుకో ఆయనకే తెలియాలి.

వెనకగదిలో ఏమీ మెరవలేదు. ఆవిడ వీపు అలాగే ఉంది. మళ్లీ నొక్కాడు. ఆవిడ కాసేపు ఎదురుచూసి, గుడ్డ ముందుకు లాక్కుని, కుట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు, దిగాడు, ఒక్కో బల్బు చెవిలో ఏదో ఊదుతున్నంత దగ్గరగా చూశాడు. బావా, పెట్టె వచ్చి బల్బులు రాకపోవడమేంటి, ఎవరో వీటి బుర్ర కడిగేశారు అన్నాడు. ఎవరైనా స్విచ్చి గబగబా వేసి తీశారా అని అడిగాడు.

 బస్‌స్టాండు మొత్తానికి బస్సుల రద్దు చెప్పిన మనిషికి ఆ ఒక్క జవాబు నోట రాలేదు.

"అయిదుసార్లు వేసి తీశారురా," అంది ఆవిడ, తమ్ముడి పెదవులు చూసి. మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. "అన్ని గదుల్లోనూ. తప్పు నాదే అన్నారు."

బావమరిది నిచ్చెన మీదే కూలబడ్డాడు. తర్వాత వివరించాడు. బొత్తాంతో చెబితే దీపం మెరుస్తుంది, అంతే. స్విచ్చితో చెబితే దీపానికి కరెంటు పోయి వస్తుంది. వరసగా అయిదుసార్లు కరెంటు పోయి వస్తే, పాత యజమాని పోయాడు, ఇక అంతా మరిచిపోవాలి అని దానర్థం. మరిచిపోయానని చెప్పడానికే అది ఒకసారి మసకబారుతుంది. చేసినవాడు దాన్ని అలా చేశాడు. మళ్లీ నేర్పాలంటే యాప్ కావాలి, యాప్ వెనక మనిషి కావాలి, ఆ మనిషి లేడు. నిన్న సాయంత్రం బావ నోరు మూసుకుని ఉంటే ఈ పాటికి ఇల్లంతా మెరుస్తూ ఉండేది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నీకోసమే పుట్టించారు బావా," అన్నాడు. "ఒప్పుకున్నవాడివి ఒక్క గదిలో ఒప్పుకుని ఊరుకోవచ్చు కదా. ఊరేగింపు దేనికి?"

మైకాయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. నాలుగుసార్లు నొక్కుదామన్నా దీపాలు లేవు.

చెప్పని గది ఏదైనా మిగిలిందా అని బావమరిది ఆలోచించి, స్నానాలగది తలుపు తీశాడు. అక్కడ కూడా ఆ రోజుల్లోనే ఓ బల్బు బిగించాడు. స్నానాలగదిలో పశ్చాత్తాపపడే అలవాటు మైకాయనకు లేకపోవడం వల్ల అది క్షేమంగా ఉంది. బొత్తాం నొక్కితే మెరిసింది. ముగ్గురూ ఆ ఇరుకు గుమ్మంలో భుజాలు రాసుకుంటూ నిలబడి, ఖాళీ బకెట్టు మీద పడుతున్న ఆ మెరుపుని చూశారు. 

అన్యాయం చెప్పకూడదు, బావమరిది ఇంకో ప్రయత్నం చేశాడు. కొట్టు నుంచి ఇప్పటి కాలపు బల్బు, గంట తెచ్చి బిగించాడు. రెండు దారుల్లో దేనిలోనైనా నడుస్తుంది, ఏ రంగంటే ఆ రంగు. మైకాయన రెండుసార్లు నొక్కాడు. ఆ కబురు ఇంట్లోంచి బయటికి పోయి, ఎక్కడెక్కడో తిరిగి, తీరుబడిగా వెనక్కొచ్చింది. బల్బు మర్యాదగా మెల్లగా ఒక్కసారి వెలిగి ఆరింది. మూడు నొక్కినా ఒక్కటే. నాలుగు నొక్కినా ఒక్కటే. వెటకారమూ, టీయూ, వీధిలో మనిషీ, అన్నీ ఒకటే వెలుగు.

"వెలగడం వచ్చు గానీ మాట్లాడటం రాదురా దీనికి," అంది ఆవిడ. తీసి డబ్బాలో పెట్టి, తమ్ముడి చేతికి ఇచ్చేసింది.

కాబట్టి లోకంలో మైకాయన మాటలు వచ్చిన దీపం ఒక్కటే మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. వెనకగదిలో అన్నాడాయన. కుట్టించుకునేవాళ్లు తిరిగి పోకూడదు, పని పోతే మళ్లీ రాదు. ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే కాదు, మర్నాడు ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి కుట్టుమిషను హాల్లోకి వచ్చేసింది. వీధి తలుపుకు ఎదురుగా వేసుకుని, తలుపు బార్లా తీసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు గుమ్మంలో అడుగుపెట్టకముందే ఆవిడకు కనపడుతున్నారు. వెలుతురు మాత్రం చాలడం లేదు. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే మొహం సూది దాకా వంచాల్సి వస్తోంది. స్కూలావిడ మళ్లీ రాలేదు.

ఆ ఒక్క బల్బునీ ఆవిడ పడకగదిలో ఉండే చిన్న టేబుల్ దీపంలో బిగించింది. తీగ చుట్టి చేత్తో పట్టుకుని వంటగదిలోకి వెళ్తే వంటగదిలో, పడుకోవడానికి వెళ్తే మంచం పక్కన ప్లగ్గులో పెట్టుకునేది.  ప్లగ్గు తీసినప్పుడల్లా కరెంటు పోయి వచ్చినట్టే. వంటగది ప్లగ్గు వదులు, ముట్టుకుంటే మినుకుమినుకుమంటుంది. గబగబా అయిదు మినుకులంటే చాలు, ఆఖరి దీపం కూడా ఆయన్ని మరిచిపోతుంది. మైకాయన ఎదురుగా నిలబడి ఈ సంగతి పెదవులతో విడమరిచి చెప్పాడు. ఒకచోట పెట్టుకో, నువ్వే అక్కడ కూర్చో, నీకు దణ్ణం పెడతాను అన్నాడు.

ఆవిడ పూర్తిగా చూసింది. ఒక్క పెదవి కదలికనూ వదల్లేదు.

"మీ నోరు ఎక్కడుంటే నేనక్కడికి పోయి కూర్చోవాలా?" అంది. "నేనెక్కడుంటే మీ నోరక్కడికి రావాలి గానీ."

 జవాబు తట్టినా చెప్పడానికి దీపం ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ తీగ చంకలో పెట్టుకుని వంటగదిలోకి నడిచింది. మైకాయన గుమ్మం దాకా వెంట వెళ్లి, లోపలికి పోయే ధైర్యం లేక అక్కడే ఆగాడు. ఆవిడ ప్లగ్గు దూర్చింది. దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది, ఇంకోసారి ఆరి వెలిగింది. ఆయన లోపల లెక్కపెడుతున్నాడు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకుండా. ఆవిడ ప్లగ్గుని అరచేత్తో గట్టిగా ఒక్కటిచ్చింది. వెలుగు నిలబడింది. ఇక అది నిదానమైన దారిని తడుముకుంటూ ఇల్లు చేరిందో లేదో నొక్కితే తప్ప తెలియదు, నొక్కాలంటే భయం.

ఆవిడ ఇటు వీపు పెట్టి గిన్నెలు సర్దుకుంటోంది. మైకాయన జేబులో చెయ్యి పెట్టి రెండుసార్లు నొక్కాడు.

గోడ మీద వెలుగు రెండుసార్లు మెరిసింది.

"ఏంటి?" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ఏంటో ఆయన ఆలోచించుకోలేదు. గుమ్మంలో అలాగే నిలబడ్డాడు.